సొరంగం కథ తీస్తుంటే వచ్చే తిప్పలు: సమస్య - పరిష్కారం

కొండారెడ్డి బురుజు కింద మొదలై తుంగభద్ర అడుగు నుంచి గద్వాల కోట దాకా సొరంగం ఉందంట. కర్నూలోళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. దీని మీదే కాలేజీ ప్రాజెక్టుకు ఎనిమిది నిమిషాల డాక్యుమెంటరీ తీశాం, ఎక్కడెక్కడ దెబ్బతిన్నామో రాస్తున్నా.

సమస్య: కెమెరా పెట్టగానే పెద్దాయన మాట మారిపోతుంది

టీ కొట్టు దగ్గర "మా నాయిన చెప్తాండె అబ్బీ, గుర్రం మీద పోవచ్చంట లోపల" అని చేతులు తిప్పుతూ చెప్పినాయన, రికార్డింగ్ అనగానే గొంతు సవరించుకుని "ఈ యొక్క బురుజు నందు ఒకానొక సొరంగ మార్గము కలదు" అన్నాడు.

కారణం మేమే. ఎదురుగా ట్రైపాడ్, పక్కన లైటు, చుట్టూ ఐదుగురం, పైగా "స్టార్ట్ చేయండి సార్" అని ఒక కేక.

ఏం చేయాలంటే, ఒక్కరే కూర్చోండి. కాలర్ మైకు ముందే తగిలించి, రికార్డింగ్ ఆన్‌లోనే ఉంటుందని చెప్పేసి, సొరంగం ఊసెత్తకుండా 2009 అక్టోబర్ వరదప్పుడు మీరెక్కడున్నారని అడగండి. ఊళ్లోకి నీళ్లొచ్చిన ఆ రోజుల గురించి అడిగితే కర్నూలు మనిషి అరగంట ఆగడు, కెమెరా సంగతే మర్చిపోతాడు. ఆ ఊపులోనే బురుజు దగ్గరికి తీసుకురండి.

సమస్య: మాట కన్నా ఆటో హారన్లే ఎక్కువ వినిపిస్తున్నాయి

ఫోన్ దూరంగా ఉంటే అంతే. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి, పొద్దున ఆరింటికే వెళ్లాలి. సౌండ్ వేరే ఫోన్లో తీస్తే మొదట ఒక చప్పట కొట్టండి, ఎడిటింగ్‌లో జత కలపడానికి.

సమస్య: ట్యూబ్‌లైటు కింద వీడియోలో చారలు పాకుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరాలో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ స్పీడు సెకనులో 1/50 వంతు పెడితే పోతుంది.

సమస్య: చూపిద్దామంటే సొరంగమే లేదు

మేం తెలివిగా బేలం గుహల షాట్ ఒకటి ఇరికించాం. బేలం చూడనోడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు? కాలేజీలో వేసి చూపించినప్పుడు హాల్లో వెనక నుంచి "అది బేలం రా" అని అరిచారు. దాని బదులు చెప్పేవాళ్ల ముఖాలు, చీకటి గుమ్మం, ఎండిన నది చాలు. బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, కాబట్టి ట్రైపాడ్ మోసుకెళ్లే ముందు అనుమతి అడగండి.

సమస్య: "రుజువేది?" అని అడుగుతున్నారు

దీనికే మాకు ఎక్కువ రోజులు పట్టింది. ఈ బురుజున్న కర్నూలు కోటను విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం నాటిదని చెప్తారు, ఆయన పాలన 1529 నుంచి 1542. గద్వాల కోట ఆ తర్వాతది. మరి అప్పుడు ఎవరు ఎక్కడికి తవ్వినట్టు అని ఒక సార్ అడిగితే నోరు పెగల్లేదు.

తిరిగి చూసుకుంటే తప్పు ఎడిటింగ్‌లో దొరికింది. నిడివి తగ్గించాలని ప్రతి మాట చివరా "అంట" కోసేశాం. "సొరంగం ఉందంట" కాస్తా "సొరంగం ఉంది" అయింది. ఆ పెద్దాయన ఏనాడూ ఉందని అనలేదు, వాళ్ల నాయన చెప్పాడనే అన్నాడు. వాయిస్ ఓవర్‌లో మేమైతే ఇంకా ఘోరం, పాఠం చదివినట్టు చదివాం.

"అంట"లన్నీ తిరిగి పెట్టాం, సార్ అడిగిన ప్రశ్నను కూడా అలాగే సినిమాలో ఉంచాం. "అంట"ల వల్ల పెరిగింది పదకొండు సెకన్లు.