చెహోవ్‌ని మొదటిసారి చదవబోతున్నారా? ఒక పీహెచ్‌సీ ఫార్మసిస్టు చెప్పే దారి

మా పీహెచ్‌సీకి కొత్తగా వచ్చిన స్టాఫ్ నర్సు ఒకరోజు నా సొరుగులో రష్యన్ రచయిత చెహోవ్ కథల పుస్తకం చూసి, "మేడమ్, ఈయన నిజంగా డాక్టరేనా?" అంది. నిజంగానే డాక్టరు. 1884లో మాస్కో యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తిచేశాడు. అప్పటికే నాలుగేళ్లుగా హాస్య పత్రికల్లో ఉద్యోగుల్నీ, పోలీసుల్నీ, జమీందార్లనీ ఆటపట్టిస్తూ రాస్తున్నాడు. "అయితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?" అంది. ఆవేళ సోమవారం. సగం చెప్పేసరికి బీపీ మాత్రల లైను గుమ్మం దాటిపోయింది. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టకూడదో ముందు చెప్తాను. మా నాన్న టీచరు. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వచ్చినప్పుడల్లా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు రెండో మూడో కొనేవాడు, చవక కాబట్టి. ఆ అలవాటుతోనే నేను డీఫార్మసీ చదివే రోజుల్లో చెహోవ్ పట్టుకున్నాను. హాస్పిటల్ కథ కదా అని 'ఆరో నంబరు వార్డు' తెరిచాను. అందులో డాక్టరు రాగిన్ తన ఆసుపత్రిలోని పిచ్చివాళ్ల వార్డులోనే రోగిగా బందీ అవుతాడు. ఇన్నాళ్లూ రోగుల్ని కొట్టిన కాపలావాడు నికీతా చివరికి ఆయన్నీ కొడతాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. తర్వాత ఆరేళ్లు చెహోవ్ జోలికే పోలేదు. ఆయన నవ్విస్తాడని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

కాబట్టి మొదట చిన్నవి చదవండి. 1883, 84, 85 నాటివి. రెండు మూడు పేజీలకి మించవు. అంత పొట్టిగా ఉండటానికి కారణం ఉంది. పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చే 'అస్కోల్కి' అనే హాస్య వారపత్రికకి రాసేవాడు. ఎడిటరు లేకిన్ వంద పంక్తులు దాటితే ఒప్పుకునేవాడు కాదు. పంక్తికి ఎనిమిది కోపెక్కులు, అంటే రష్యా పైసలు. చెహోవ్ తండ్రికి సొంతూరు తగన్‌రోగ్‌లో కిరాణా కొట్టు ఉండేది. 1876లో అది దివాలా తీస్తే అప్పులవాళ్లకి దొరక్కుండా మాస్కో పారిపోయాడు. దాంతో ఇల్లు గడపడం క్రమంగా ఈ మెడికల్ స్టూడెంటు నెత్తిన పడింది. పగలు క్లాసులు, రాత్రి కథలు. సొంత పేరు డాక్టరు బోర్డు కోసం దాచుకుని, కథల కింద 'అంతోషా చెహొంతే' అని పెట్టేవాడు. ఇంకా 'ప్లీహం లేని మనిషి', 'రోగులు లేని డాక్టరు' లాంటి పేర్లూ పెట్టుకున్నాడు. ఈ చివరి పేరు చూసి మా మెడికల్ ఆఫీసరు గారు కాఫీ ఒలకబోసుకున్నారు.

రెండో పని: ఒక చీటీ తీసుకుని పేర్లు రాసుకోండి. రష్యన్ పేర్లకి జడిసి పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువ. సూత్రం తేలికే. ఆంతొన్ పావ్లొవిచ్ చెహోవ్ అంటే ఆంతొన్ పేరు, పావ్లొవిచ్ అంటే పావెల్ కొడుకు, చెహోవ్ ఇంటిపేరు. మన ఆధార్ కార్డులో సన్నాఫ్ అని ఉండేదాన్ని వాళ్లు పేరు మధ్యలో ఇరికించారు, అంతే. ఇంకో సంగతి, ఈ తొలి కథల్లో చాలా ఇంటిపేర్లు తిట్లే. చెర్వ్యకోవ్‌లో ఉన్నది పురుగు. ఒచుమేలొవ్ అంటే మతి తప్పినవాడు. ఖ్ర్యూకిన్‌లో పంది గురగుర వినిపిస్తుంది. రష్యా పాఠకుడు పేరు దగ్గరే నవ్వేస్తాడు, మనకి ఆ నవ్వు అందదు. అందుకే చీటీలో పేరు పక్కన అర్థం కూడా రాసుకోండి.

అదే చీటీ మీద 'జనరల్' అని రాసి పక్కన 'మిలిటరీ కానక్కర్లేదు' అని రాయండి. జార్ కాలంలో సర్కారు ఉద్యోగాలన్నీ 14 మెట్లు. పై మెట్ల మీదున్న సివిల్ ఆఫీసర్లని కూడా జనరల్ అనే పిలిచేవారు. ఇది తెలియక 'గుమాస్తా మరణం' చదివితే సగం పోతుంది. నాటకం చూస్తూ చెర్వ్యకోవ్ తుమ్ముతాడు. ముందు వరసలో ఉన్న పెద్దాయన బట్టతల మీద తుంపర్లు పడతాయి. ఆయన రవాణా శాఖ జనరల్. చెర్వ్యకోవ్‌ది వేరే శాఖ. అంటే తన బాసు కూడా కాదు! ఆ మాట చెర్వ్యకోవే అనుకుంటాడు, అయినా ఊరుకోలేడు. క్షమాపణ, మళ్లీ క్షమాపణ, మర్నాడు ఆఫీసుకి వెళ్లి ఇంకోసారి. చివరికి ఆ జనరల్ ఒళ్లు మండి "పో బయటికి!" అని అరుస్తాడు. ఇతను ఇంటికొచ్చి, యూనిఫారం కూడా విప్పకుండా సోఫాలో పడుకుని చచ్చిపోతాడు. జిల్లా ఆఫీసు నుంచి ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే సీనియర్ అసిస్టెంటుని నేను చూశాను. ఈ కథ నాకు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు నా అసలు కథకి వస్తాను, 'సర్జరీ'. 1884 నాటిది. దీన్ని మనసులో చదవొద్దు, పైకి చదవండి, వీలైతే ఇంకొకరికి వినిపించండి. దాదాపు అంతా మాటలే, మన వీధి నాటకంలా నడుస్తుంది. డాక్టరు పెళ్లి చేసుకోడానికి వెళ్లాడు. ఆసుపత్రిలో ఉన్నది ఫెల్డ్‌షర్ కుర్యాతిన్. ఫెల్డ్‌షర్ అంటే డాక్టరు చదువు చదవకుండా డాక్టరు పని చేసేవాడు. మన పాత కాంపౌండరుకీ ఊళ్లో ఆర్‌ఎంపీకీ మధ్యలో ఎక్కడో పెట్టుకోండి. చర్చిలో కీర్తనలు చదివే ముసలాయన వన్‌మిగ్లాసొవ్ పంటి నొప్పితో వస్తాడు. వస్తూనే చర్చిలో ఇచ్చే చిన్న రొట్టె ఒకటి తీసి, వంగి దండం పెట్టి ఫెల్డ్‌షర్‌కి సమర్పిస్తాడు.

ఇక్కడ నెమ్మదించండి. కుర్యాతిన్ ముందు గొప్పలు చెప్తాడు. ఇదో లెక్కా, ఫలానా జమీందారు పన్ను కూడా నేనే పీకాను, చెయ్యి తిరిగినవాడికి ఇదెంత పని అంటాడు. తర్వాత ఒక పరికరం చేతిలోకి తీసుకుంటాడు. కాసేపు దాన్ని చూస్తాడు. కింద పెట్టి పటకారు తీసుకుంటాడు. ఆ 'కాసేపు' ఉంది చూశారూ, అది డాక్టరు రాసిన ముక్క. ఏ పరికరం వాడాలో తెలియనివాడి చేతిని వార్డులో దగ్గర నిలబడి చూసినవాడే అలా రాయగలడు. 'వాడికి పని రాదు' అని కథలో ఎక్కడా అనడు, అనాల్సిన అవసరమూ ఉండదు. ఆ తర్వాత లాగుడు, అరుపులు, పట్టు జారడం, మళ్లీ లాగుడు. చివరికి పన్ను విరిగిపోతుంది. ముసలాయన వేలు పెట్టి తడుముకుంటే రెండు మొనలు తగుల్తాయి. ఇద్దరూ తిట్టుకుంటారు. ముసలాయన బల్ల మీంచి తన రొట్టె తాను తీసుకుని, దవడ పట్టుకుని ఇంటికి పోతాడు.

ఈ రొట్టె సంగతి నాకు చాలా ఏళ్లు మామూలు జోకులాగే ఉండేది. ఒక వానాకాలం మా డాక్టరు గారు క్యాంపుకి వెళ్లిన రోజున ఒక తాత దవడ వాచి వచ్చాడు. కౌంటరు మీద అరడజను మునక్కాయలు పెట్టాడు. "తాతా, ఇది పంటి డాక్టరు చూడాల్సింది, టౌనుకి వెళ్లు, అంతవరకూ నొప్పికి ఈ మాత్రలు" అన్నాను. "సూది ఎయ్యవేటమ్మా?" అన్నాడు. నేను వెయ్యకూడదు తాతా అన్నాను. నన్నోసారి, మునక్కాయల్నోసారి చూశాడు. "సూదీ నేదు, ఏటీ నేదు" అని గొణుక్కుంటూ కాయలన్నీ తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. నేను చేసింది కరెక్టే, కానీ ఆ సాయంత్రం కుర్యాతిన్‌ని చూసి మునుపటిలా నవ్వలేకపోయాను. పల్లెలో డాక్టరు లేని పూట కౌంటరు వెనక నిలబడినవాళ్ల మీద పడే బరువు కూడా ఆ కథలో ఉంది. చెహోవ్ కుర్యాతిన్‌ని వెక్కిరించాడు గానీ, డాక్టరు లేని ఆసుపత్రికి అతన్నే తప్పు పట్టలేదు.

పంటి నొప్పి మీదే 'గుర్రం లాంటి పేరు' అని ఇంకోటుంది, 1885లోది. అది ఉత్త నవ్వు. బస్సులో చదువుకోండి.

తర్వాత 'ఊసరవెల్లి'. దీనికి పెన్సిల్ కావాలి. బజార్లో ఒక కుక్కపిల్ల ఖ్ర్యూకిన్ వేలు కరుస్తుంది. పోలీసు అధికారి ఒచుమేలొవ్ తీర్పు చెప్పాలి. కుక్క ఎవరిదో తెలియనంతసేపూ దాన్ని చంపేయాలి, యజమానికి జరిమానా వేయాలి అంటాడు. జనరల్ గారి కుక్క అని ఎవరో అనగానే తప్పంతా ఖ్ర్యూకిన్‌ది. కాదనగానే మళ్లీ కుక్కది. అలా మాట మారిన ప్రతిచోటా మార్జిన్‌లో గీత పెట్టండి, అయిదు గీతలు పడతాయి. ఇంకో రంగుతో కోటు మీద గీయండి. జనరల్ పేరు మొదటిసారి వినగానే ఉక్కపోస్తోందని కోటు విప్పించుకుంటాడు. మళ్లీ జనరల్‌దే అనగానే చలేస్తోందని తొడిగించుకుంటాడు. భయం వేసిందని కథలో ఎక్కడా ఉండదు. చెమటా చలీ ఉన్నాయి, చాలు. జ్వరం చార్టులా చదవాల్సిన కథ ఇది.

రోజుకి ఒకటి, మహా అయితే రెండు. డోసు అని రాద్దామనుకున్నాను గానీ మరీ ఫార్మసిస్టు జోకులా ఉంటుందని మానేశాను. పది కథలు వరసగా చదివితే జనరళ్లూ గుమాస్తాలూ అంతా కలిసిపోతారు.

మధ్యమధ్యలో ఆయన జీవితం కూడా కొంచెం చదవండి, మొత్తం అక్కర్లేదు. వైద్యం నాకు పెళ్లాం, సాహిత్యం ఉంపుడుగత్తె అని 1888లో తన పుస్తకాల ప్రచురణకర్త సువోరిన్‌కి రాసిన ఉత్తరాన్ని అందరూ ఎత్తి చెప్తారు, నాకైతే విని విని విసుగొచ్చింది. అంతకంటే 1892 చూడండి. మాస్కో దగ్గరి మెలీఖొవొ అనే పల్లెలో ఇల్లు కొనుక్కున్న ఏడాదే కలరా భయం. ఈయనకి 25 ఊళ్లు, నాలుగు ఫ్యాక్టరీలు, ఒక మఠం అప్పగించారు. జీతం తీసుకోలేదు. 'ఆరో నంబరు వార్డు' అచ్చయింది కూడా ఆ సంవత్సరమే. దానికి రెండేళ్ల ముందు, జార్ సర్కారు ఖైదీల్ని పంపే సఖాలిన్ ద్వీపానికి వెళ్లి, ఖైదీల ఇళ్లన్నీ తిరిగి దాదాపు పదివేల కార్డులు నింపాడు. ఇంటింటి సర్వేకి తిరిగిన ఆశా కార్యకర్తలకి ఆ అంకె ఎంత పెద్దదో నేను చెప్పక్కర్లేదు. ఆయనకీ క్షయే. డాక్టరు అయిన ఏడాదే కఫంలో రక్తం పడింది, అయినా చాన్నాళ్లు సరిగ్గా పరీక్ష చేయించుకోలేదు. 1904లో జర్మనీలో పోయాడు, 44 ఏళ్లకి. శవం మాస్కోకి ఆల్చిప్పలు తెచ్చే రైలు పెట్టెలో వచ్చింది. స్టేషన్లో కొంతమంది పొరపాటున వేరే శవపేటిక వెనక నడిచారని, ఈయనకి మిలిటరీ బ్యాండు ఎందుకా అని ఆశ్చర్యపోయారని గోర్కీ రాశాడు. ఆ పేటిక ఒక జనరల్‌ది.

ఇవన్నీ అయ్యాక, అంటే ఇరవై ముప్ఫై చిన్న కథలు పట్టుబడ్డాక, 'ఆరో నంబరు వార్డు' తెరవండి. కోటు విప్పించుకున్న పోలీసు చెమటని పట్టుకున్న కన్నే ఇక్కడ డాక్టరు బద్ధకాన్ని కూడా పట్టుకుంటుందని తెలుస్తుంది. రాగిన్ మంచివాడు, చదువుకున్నవాడు, రోగుల్ని చూడటం మానేసినవాడు. రాత్రి పూట మాత్రం చదవకండి. నాటకాల జోలికి నేను పోను, అవి స్టేజి మీద చూడాలి.

మొదటి వారానికి ఒకటి చెప్పమంటే మాత్రం 'ఫిర్యాదుల పుస్తకం' చెప్తాను. 1884లోదే. రైల్వే స్టేషన్లో ఫిర్యాదుల పుస్తకం బల్ల సొరుగులో ఉంటుంది. తాళంచెవి పోలీసు దగ్గర ఉంటుంది, కానీ తాళం ఎప్పుడూ తీసే ఉంటుంది కాబట్టి దాని అవసరం రాదు. లోపల జనం రాసిన రాతలే కథ మొత్తం. ఒకాయన ప్రకృతి చూస్తుంటే టోపీ ఎగిరిపోయిందని రాస్తాడు. స్టాఫ్ నర్సుకి ఇది చదివి వినిపించాక ఇద్దరం వెళ్లి మా సలహాల పెట్టె తెరిచాం. ఎప్పటినుంచో ఎవరూ తెరవలేదు. లోపల ఒక బస్సు టికెట్టు, ఒక పెళ్లి సంబంధం బయోడేటా, ఒక చీటీ ఉన్నాయి. చీటీలో, "ఈ పెట్టె ఎవరైనా తెరుస్తారా?" అని ఉంది.