ఫుట్‌బాల్ టోర్నీ టికెట్లు: తోపులాట, తగాదా లేకుండా పంచడం ఎలా?

ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని అనంతపురంలో మైదానాలున్నాయి, బంతి ఆడే పిల్లలున్నారు. పెద్ద టోర్నీ పెడితే పరువు పోయేది టికెట్ల దగ్గరే.

1. సంఖ్య తేల్చండి. గ్యాలరీలో ఎందరు పడతారన్నది ఒక్కటే చూస్తే చాలదు. బ్రిటన్ స్టేడియం భద్రతా లెక్కల్లో ఒక్కొక్కరినే లోపలికి వదిలే గేటుకు గంటకు 660 మందికి మించి వేయరు. ఎనిమిది గేట్లు గంట ముందు తెరిస్తే 5,280 మంది. బయటికెళ్లే దారులు మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మందిని వదులుతాయి, అదీ చదును నేలైతే. దాన్ని దారుల మొత్తం వెడల్పుతో, ఖాళీ చేయించడానికి పెట్టుకున్న నిమిషాలతో గుణించండి. గ్యాలరీ, గేట్లు, దారులు, మూడింటిలో ఏది తక్కువైతే అన్ని టికెట్లే. వీఐపీ పాసులూ అందులోనే.

2. రెండు జట్ల అభిమానులను ఎదురెదురు గ్యాలరీల్లో పెట్టండి. 1985లో బ్రసెల్స్ హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానుల పక్కనే, ఏ జట్టూ కాని ప్రేక్షకులకని ఉంచిన బ్లాకు టికెట్లు ఎదుటి జట్టు యువెంటస్ వాళ్ల చేతికెళ్లాయి. గొడవలో, తోపులాటలో 39 మంది పోయారు.

3. అయిదు రోజులు దరఖాస్తులు తీసుకోండి. మనిషికి ఒక దరఖాస్తు, దానికి నాలుగు టికెట్లు మించి వద్దు. మొదటి రోజు వేసినా చివరి గంటలో వేసినా ఒకటే.

4. ఇక లాటరీ. ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది గానీ, అది పని మానుకొని నిలబడగలిగినవాళ్లకు, బ్లాకులో అమ్మేవాళ్లకు రాసిచ్చిన హక్కు. చీటీలు డబ్బాలో కలిపినా చాలదు. వేలల్లో ఉంటే సరిగా కలవవు, పైన పడినవే పైకొస్తాయి.

ఇలా చేయండి. ఒకే ఫోను, ఒకే గుర్తింపు కార్డుతో వచ్చిన రెండోవి తీసేసి, మిగిలినవాటికి వరుస సంఖ్యలిచ్చి, జాబితాను లాటరీకి ముందురోజే గోడకు అంటించండి. పేర్లొద్దు, కార్డు చివరి నాలుగంకెలు చాలు. అంటించాక ఒక్క దరఖాస్తు కూడా చేర్చకూడదు, ఎమ్మెల్యే గారు ఫోన్ చేసినా సరే. మర్నాడు అందరి ముందు, సున్నా నుంచి తొమ్మిది వరకు రాసిన పది చీటీల్లోంచి ఒకటి తీసి, మళ్లీ వేసి కలిపి, ఆరుసార్లు తీయించండి. వచ్చిన ఆరంకెల సంఖ్యను కంప్యూటరుకిస్తే జాబితాను పేకముక్కల్లా కలుపుతుంది. ఆ కొత్త వరుసలో పైనుంచి టికెట్లు అయిపోయేదాకా ఇవ్వండి, మిగిలినవాళ్లది వెయిటింగ్ జాబితా. ప్రోగ్రామునూ ముందే బయటపెట్టాలి. అదే జాబితా, అదే సంఖ్య ఇస్తే ఎవరింట్లోనైనా అదే ఫలితం రావాలి. ఒకే దరఖాస్తులోని నలుగురినీ విడదీయొద్దు. ఎక్కువగా చెడేది ఇక్కడే: ఫలితం నచ్చక "ఇంకోసారి తీద్దాం" అంటారు. రెండోసారి తీశారంటే మొదటిదాన్నీ ఎవరూ నమ్మరు.

5. ఒకే చోట ఇవ్వొద్దు. 2025 జనవరి 8న తిరుపతిలో దర్శనం టోకెన్ల పంపిణీ దగ్గరే తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరంలో తలా ఒక కేంద్రం పెట్టి, రోజు, గంట ఎస్సెమ్మెస్‌లో పంపండి. టికెట్ మీద గేటు నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

6. వద్దని తిరిగిచ్చినవి వెయిటింగ్ జాబితాలో తర్వాతి సంఖ్యకే. మ్యాచ్ రోజు స్టేడియం దగ్గర కౌంటరే తెరవొద్దు, ఆ మాట వారం ముందే ఆటోల్లో మైకు పెట్టి చెప్పించండి.