టమాట మడిలో వరిగడ్డి ఆచ్ఛాదన

నాటిన టమాట మొక్కలు వేరూని కొత్త చిగురు వేసిన తరువాత, ముందుగా కలుపు తీసి, నేలను బాగా తడిపి, ఆ పదును మీదనే వరిగడ్డి పరచాలి. ఎండిన నేలపై పరిస్తే చిరుజల్లుల నీరు గడ్డిలోనే ఆగిపోయి వేళ్లకు అందదు. మందం 2 నుంచి 3 అంగుళాలు ఉండాలి. అంతకన్నా పలుచనైతే వెలుతురు సోకి కలుపు మొలుస్తుంది. కాండం చుట్టూ మాత్రం 2 అంగుళాల ఖాళీ వదలాలి, తడిగడ్డి అంటుకొని ఉంటే మొదలు కుళ్లే ప్రమాదం ఉంది. డ్రిప్ పైపులు గడ్డి కిందే ఉండాలి.

గడ్డిని మట్టిలో కలపకూడదు. కలిపితే, దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం తామే వాడుకోవడం వల్ల ఆకులు పసుపుబారుతాయి. పైన పరిచిన గడ్డి నేలను తాకే చోట మెల్లగా చివికి సేంద్రియ పదార్థంగా మారుతుంది. నెల గడిచాక, మిట్టమధ్యాహ్నం ఒకచోట గడ్డి తొలగించి మట్టిని పిడికిట పట్టి చూడండి. పక్కనున్న బోడినేల కాలుతున్నా అది చల్లగా, గుల్లగా ఉంటుంది. తేమ ఒకే తీరుగా నిలవడం వల్ల కాయ పగుళ్లు తగ్గుతాయి, నేలకు వాలిన కాయలకు మట్టి అంటదు. ఇంత మేలు చేసే గడ్డిని కోత కాగానే పొలంలోనే తగలబెట్టడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

చెదలున్న నేలల్లో వారానికొకసారి గడ్డి ఎత్తి చూడాలి.