రాళ్ల సముద్రంలో గాలం: రీలు ఎక్కడ మొరాయిస్తుంది, ఏం చేయాలి

ఊరి చెరువులోనో, పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయంలోనో బాగా పనిచేసిన, గాలం కర్రకు బిగించి దారం చుట్టే 2500 సైజు చిన్న రీలునే తిరుపతి నుంచి చాలామంది సముద్రానికీ పట్టుకెళ్తారు. వాకాడు దగ్గర తూపిలిపాళెం ఇసుక తీరంలో దాంతో నెట్టుకురావచ్చు. విశాఖ యారాడ, భీమిలి రాళ్ల దగ్గరా, ఉత్తర చెన్నైలో రాయపురం నుంచి ఎన్నూరు దాకా ఉన్న రాతిగట్ల మీదా మాత్రం పూట గడవకముందే చేతులెత్తేస్తుంది.

సీసం ప్రతిసారీ రాళ్లలో ఇరుక్కుంటోంది

రీలు నిదానంగా చుడుతోంది. గాలానికి బరువుగా కట్టే సీసం, వేగంగా లాగితేనే అడుగు వదిలి పైకి లేస్తుంది, లేకపోతే రాళ్ల సందుల్లో ఈడ్చుకుంటూ వస్తుంది. గేరు నిష్పత్తి (హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే రీలు ఎన్ని చుట్లు దారం చుడుతుందో చెప్పే అంకె) ఒక్కటే చూసి కొంటే ఇక్కడే మోసపోతాం. దారం నిండిన స్పూలు (రీలులో దారం చుట్టుకునే భాగం) అడ్డుకొలతను 3.14తో, ఆపైన నిష్పత్తితో గుణించండి. 4.5 సెం.మీ. స్పూలు, 5.0 నిష్పత్తి అయితే హ్యాండిల్ ఒక చుట్టుకు దాదాపు 71 సెం.మీ. దారం వస్తుంది. 5.8 సెం.మీ. స్పూలు, 5.6 నిష్పత్తి అయితే 102. దారం దూరం వెళ్లి స్పూలు 5 సెం.మీ.కి సన్నబడితే ఆ 102 కాస్తా 88కి పడిపోతుంది. అందుకే నిండు స్పూలు మీద 95 సెం.మీ.కి తగ్గిన రీలు రాళ్లకు వద్దు. సైజులో చెప్పాలంటే 6000 నుంచి 10000 మధ్య.

లాగే తీరూ మార్చాలి. ముందు కర్రను ఒక్క ఊపులో పైకెత్తి సీసాన్ని లేపండి. కర్ర దించుతున్నప్పుడే దారం వదులు కాకుండా చుట్టడం మొదలెట్టి ఒడ్డు చేరేదాకా ఆపకండి. సీసాన్ని అసలు దారానికి నేరుగా కట్టొద్దు. అసలు దారం 0.50 మి.మీ. అయితే మధ్యలో 0.30 దారం జానెడు ముక్క వేయండి. ఇరుక్కున్నప్పుడు అదొక్కటే తెగి, సీసంతో పోతుంది, చేపా గాలమూ దక్కుతాయి. ఆ సన్న ముక్క ఉన్నప్పుడు గట్టిగా ఝాడించి విసరకూడదు. గాల్లోనే తెగితే సీసం రాయిలా దూసుకెళ్తుంది, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకోండి.

హ్యాండిల్ బరువెక్కింది, లోపల గరగరమంటోంది

నిష్పత్తి పెరిగేకొద్దీ వేగం వస్తుంది, లాగే బలం తగ్గుతుంది. 6.2 దాటిన రీలుతో పండుగొప్ప లాంటి పెద్ద చేపను రాళ్ల మీదుగా ఎత్తాలని చూస్తే భారమంతా గేరు పళ్ల మీద పడుతుంది. 5.2 నుంచి 5.8 మధ్యది మంచిది. చేపను కర్రతో లాగండి, కర్ర దించుతూ రీలుతో దారం చుట్టండి.

కొనేటప్పుడు రోటరును (స్పూలు చుట్టూ తిరిగే భాగాన్ని) ఒక చేత్తో బిగబట్టి హ్యాండిల్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా టకటకమంటే పక్కన పెట్టేయండి. మడత హ్యాండిల్ కంటే గేరులోకి స్క్రూలా బిగుసుకునేది మేలు. బాడీ లోహానిదై ఉండాలి. ప్లాస్టిక్ బాడీ బరువు పడ్డప్పుడు వంగి, గేర్లు వరస తప్పుతాయి.

మందం దారం వేస్తే స్పూలు వెంటనే నిండిపోతోంది

దారం పొడవు మందం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 0.35 మి.మీ. 300 మీటర్లు పట్టే స్పూలులో 0.50 దారం 147 మీటర్లే పడుతుంది. 0.25 మి.మీ. 200 మీటర్లు పట్టే చిన్న రీలులో అయితే 50. రాళ్ల దగ్గర అరిగిన చోటల్లా కోసి పారేయాలి కాబట్టి 0.50 దారం 200 మీటర్లకు తగ్గకుండా పట్టేది చూడండి. స్పూలు అంచుకు 2 మి.మీ. కిందివరకే నింపండి.

దారం పోగులు లేస్తోంది

రాళ్లను తిట్టుకునే ముందు రీలు చూడండి. చిన్న దూది ఉండను స్పూలు అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా ఒక్క పోగు తగులుకుందంటే అక్కడ గాటు ఉన్నట్టే, 2000 నంబరు నీటి ఎమరీ కాగితంతో నునుపు చేయండి. తర్వాత దారం బిగబట్టి లాగుతూ, లైన్ రోలరు (దారం స్పూలు వైపు మళ్లే చోట ఉండే చిన్న చక్రం) తిరుగుతోందో లేదో చూడండి. ఉప్పు పట్టి ఆగిపోతే దారం ఒకేచోట ఒరుసుకుని రోలరులో గాడి పడుతుంది. ఉప్పు కడిగి నూనె చుక్క వేస్తే తిరుగుతుంది. గాడి పడిపోతే రోలరు మార్చాల్సిందే.

హ్యాండిల్ వెనక్కి జారుతోంది

వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌లో గ్రీజు ఎక్కువైంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టి, పలుచని నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. గ్రీజు గేర్లకే.

డ్రాగ్ కుదుపులతో దారం వదులుతోంది

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలే బ్రేకు. దాని వాషర్లకు ఉప్పు పట్టింది. విప్పి తుడిచి, కార్బన్ వాషర్లయితే డ్రాగ్ గ్రీజు పలుచగా రాయండి. లగేజీ తూచే కాటాను దారానికి కట్టి లాగి, తెగే బలంలో మూడో వంతు దగ్గర వదిలేలా బిగించండి. 12 కిలోల దారానికి 4 కిలోలు.

ఇరుక్కున్న దారాన్ని రీలుతో తెంపొద్దు. కర్రను పక్కన పెట్టి, దారాన్ని గుడ్డ చుట్టిన కట్టెకు నాలుగు చుట్లు వేసి, వెనక్కి నడుస్తూ నేరుగా లాగండి. వేళ్లకు మాత్రం చుట్టుకోకండి, కోసేస్తుంది. తిరుపతి చేరాక కడుగుదామని రీలును అలాగే బ్యాగులో పడేస్తే దారిలోనే ఉప్పు ఎండి గట్టిపడుతుంది. ఒక సీసా మంచినీళ్లు వెంట ఉంచుకోండి. డ్రాగ్ పూర్తిగా బిగించి, నీళ్లు సన్నగా పోస్తూ కడిగి, తుడిచి, నీడలో ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచండి. బిగించే ఉంచితే వాషర్లు అణిగిపోతాయి.