మనసులోది నేతలో చూపించాలంటే: చిన్న గోడ నేత ఎలా నేయాలి?

కోపానికి ఎర్ర దారం, దుఃఖానికి నీలం దారం తీసుకుని, మధ్యలో ఒక గుండె బొమ్మ నేసేసి భావం పలికించామని అనుకునేవాళ్లు ఎక్కువైపోయారు. నేతలో భావం ముందు తెలిసేది దారం బిగువులో, మందంలో, వదిలిన ఖాళీలో. రంగు ఆ తర్వాతే. జర్మనీలో పుట్టిన అమెరికా నేత కళాకారిణి ఆనీ ఆల్బర్స్ 1966-67లో నేసిన ‘ఆరు ప్రార్థనలు’ చూడండి. నాజీలు చంపిన అరవై లక్షల మంది యూదుల స్మృతిలో నేసిన ఆరు పొడవాటి పలకలు అవి, ఎక్కడా ఒక్క మనిషి ముఖం ఉండదు. దారాలు వంకర్లు తిరుగుతూ పోతుంటాయి, మధ్యమధ్య వెండి రంగు పోగు మెరుస్తుంది, అంతే.

కావలసినవి: గట్టి చెక్క ఫ్రేమ్ (అట్టముక్క వద్దు, పడుగు బిగించగానే వంగిపోతుంది), పడుగుకి, అంటే నిలువు దారాలకి, సాగని నూలు దారం, పేకకి, అంటే అడ్డంగా నేసే దారానికి, ఉన్ని, పెద్ద సూది, ఒక ఫోర్క్. రంగులు మూడు దాటకూడదు. సైజు చిన్నదని చిన్నచూపు వద్దు, అమెరికా నేత కళాకారిణి షీలా హిక్స్ 1950ల నుంచీ చేత్తో పట్టుకునేంత చిన్న ఫ్రేమ్‌ల మీద నేస్తూనే ఉన్నారు.

ఫ్రేమ్ పైనా కిందా అర సెంటీమీటరుకొక మేకు కొట్టి, 20 సెంటీమీటర్ల వెడల్పున పడుగు చుట్టండి. అరచేత్తో తడితే అన్ని పోగులూ ఒకే బిగువుతో తగలాలి. అడుగున పడుగు దారంతోనే నాలుగు వరసలు నేయండి. కాగితం మీద బొమ్మ గీసుకోవద్దు, గీస్తే చెయ్యి ఆ గీత వెంటే పోతుంది.

ఇప్పుడు పేక. చిక్కంతా ఇక్కడే.

పేకని ఒక పడుగు పోగు పైనుంచి, తర్వాతి పోగు కిందనుంచి దూరుస్తూ అవతలికి తీశాక అందరూ చేసే పని, దారాన్ని తిన్నగా లాగేయడం. లాగొద్దు. పేక ఒక్కో పడుగు పోగునీ ఎక్కి దిగుతూ పోవాలి కాబట్టి 20 సెంటీమీటర్ల వెడల్పుకి 20 సెంటీమీటర్ల దారం చాలదు. ఆ తక్కువైనదాన్ని అంచుల నుంచి లాక్కుంటుంది. ఒక్కో వరసకి జరిగేది కంటికి కూడా ఆనదు, కానీ ముప్పై వరసలయ్యేసరికి నేత మధ్యలో సన్నబడిపోయి ఉంటుంది, అప్పుడు ఎంత టెన్షన్ పడినా లాభం లేదు.

అందుకే వరస వేశాక దారాన్ని ఇంద్రధనుస్సులా వంచి పెట్టండి, మధ్యలో నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలి. ఆ వంపుని వేలితో రెండు మూడు చోట్ల కిందికి నొక్కి చిన్న వంపులు చేశాకే ఫోర్క్‌తో దించాలి. పోగుల మధ్య దారం ఉబ్బితే వంపు ఎక్కువైందని అర్థం. అంచు దగ్గర మాత్రం వదులు పనికిరాదు. పేక అంచు పోగుని ఆనుకుని తిరగాలి, దాన్ని లోపలికి గుంజకూడదు. తిప్పేటప్పుడు ఆ పోగుని రెండు వేళ్లతో పట్టుకోండి.

రెండు సెంటీమీటర్లు నేసిన ప్రతిసారీ స్కేలు పెట్టి వెడల్పు చూడండి. అర సెంటీమీటరు తగ్గినా విప్పేయాల్సిందే. ‘ఇది కూడా ఒక వ్యక్తీకరణే’ అని సర్దిచెప్పుకోవద్దు, చేతకాక బిగిసిన నేతకీ కావాలని బిగించిన నేతకీ తేడా చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. బిగువు మీ చేతిలోకి వచ్చాక ఊపిరాడనితనాన్ని ఒకచోట వరసలు దట్టంగా కొట్టి చూపించండి. పోయినవాళ్ల లోటు చెప్పాలంటే పడుగుని అక్కడ ఖాళీగా వదిలేయండి. ఖాళీకి పైన వచ్చే మొదటి వరసని మాత్రం ఒక్కో పడుగు పోగుకీ ముడివేస్తూ వెళ్లాలి, లేదంటే పైన నేసిందంతా జారి ఖాళీలోకి వచ్చేస్తుంది.

చివర మళ్లీ పడుగు దారంతో నాలుగు వరసలు. పడుగంతా ఒకేసారి కత్తిరించొద్దు. రెండేసి పోగులు కత్తిరించి, వెంటనే నేతకి ఆనించి ముడి వేసి, ఆ తర్వాతే పక్క రెండు ముట్టుకోండి. పైన ఒక కర్ర కట్టి తగిలించేయండి.