ఎవరికి ఏ నవల చెప్పాలి?

"మంచి నవల ఒకటి చెప్పండి" అని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరడిగినా నేను వెంటనే పేరు చెప్పను. ఎలాంటి మనిషి గురించి చదవాలనుందో ముందు అడుగుతాను. కథ ఎలా ఉండాలని అడిగితే అందరూ "బాగుండాలి" అంటారు, దాంతో ఏమీ తేలదు.

ఆఫీసులో నోరెత్తలేక నలిగిపోయేవాళ్లకి రావిశాస్త్రి 'అల్పజీవి'. సుబ్బయ్య భయం చూసి మొదట నవ్వొస్తుంది, తర్వాత రాదు.

పెళ్లీడు ఆడపిల్లలకి, నిజానికి వాళ్ల నాన్నలకి కూడా, డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఇస్తాను. 1950ల నాటి నవల. ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంటుంది. ఆమె మనసుపడ్డ ప్రకాశం ఎటూ తేల్చుకోలేని మనిషి. ఇందిర అతని కోసం ఏడుస్తూ కూర్చోదు, తన దారి తను చూసుకుంటుంది. స్వార్థం ఉంది, మాట కరుకు. అయినా రచయిత్రి ఆమెని వెనకేసుకురాదు, దుష్టురాలిగానూ చూపదు. పుస్తకం చేతిలో పెట్టేటప్పుడు "మీకు ఇందిర నచ్చకపోవచ్చు, ఇందులోనే ఇంకో అమ్మాయి కల్యాణి నచ్చొచ్చు. చదివాక పోట్లాడుకుందాం" అంటాను. అంతకుమించి కథ చెప్పకండి.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గొప్ప నవలే. కానీ అసలే దిగులుగా ఉన్నవాళ్లకి అందులోని కథానాయకుడు సీతారామారావుని అంటగట్టకండి, టైమ్ చూసి ఇవ్వండి.

ఇచ్చాక రోజూ "ఎంతవరకూ వచ్చారు?" అని టెన్షన్ పెట్టొద్దు. యాభై పేజీలకీ పట్టుకోకపోతే వెనక్కి తీసుకుని ఇంకొకటి ఇవ్వండి.