పాత సైనిక ట్రక్కును సొంతం చేసుకుని నడపడం ఎలా?

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941-45 మధ్య, అమెరికాలో జీఎంసీ సీసీకేడబ్ల్యూ రకం ట్రక్కులు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. రోజూ గ్రీజు పెట్టే డ్రైవరు, మరమ్మతు చేసే మెకానిక్కు, విడిభాగాలు పంపే డిపో వాటికి అండగా ఉండేవి. అలాంటి బండిని మీరు కొన్న రోజునే ఆ ముగ్గురి పనీ మీ మీద పడుతుంది. అది తెలిసి దిగితే ఇంత తృప్తినిచ్చే వ్యాపకం మరొకటి ఉందనుకోను. తెలియక దిగితే బండి తుప్పు పట్టిపోతుంది, చూడటానికే బాధగా ఉంటుంది.

1. ముందు చోటు కొలవండి

అమెరికన్ ఎం35 ట్రక్కు పొడవు దాదాపు 6.7 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, ఖాళీ బరువు సుమారు 6 టన్నులు. అది మీ షెడ్డులో పడుతుందా? కింద నేల ఆ బరువు మోస్తుందా? మొదటిసారి కొనేవారికి నేను చిన్న బండినే సూచిస్తాను. 1955లో ఉత్పత్తి మొదలైన జర్మన్ యూనిమాగ్ 404 పొడవు 5 మీటర్ల లోపే. బరువును బట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా నిబంధనలు మారతాయి కాబట్టి బయానా ఇవ్వకముందే వాటిని కనుక్కోండి. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్న మోడల్‌నే ఎంచుకోండి.

2. బండికన్నా ముందు మాన్యువల్ సంపాదించండి

సైనిక మాన్యువల్ కొత్తగా చేరిన సిపాయికి అర్థమయ్యేలా రాసినది. సీసీకేడబ్ల్యూకు టీఎం (టెక్నికల్ మాన్యువల్) 9-801, ఎం35కు టీఎం 9-2320-209 వరుస పుస్తకాలు ఉన్నాయి. ఏ కీలుకు ఏ గ్రీజు, ఎన్నాళ్లకోసారి పెట్టాలో వాటిలో బొమ్మలతో సహా ఉంటుంది. బండి చూడటానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలి. ఇంజిను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించి చూడండి. మీరు వచ్చేసరికే అది వేడెక్కి ఉంటే, ఎందుకని అడగండి. ఆయిల్ పాలలా తెల్లబారి ఉంటే అందులో నీళ్లు కలిశాయన్న మాట.

3. అన్నిటికన్నా ముందు బ్రేకులు

కొత్త యజమానులు చాలామంది రంగుతో మొదలుపెడతారు. రంగు చివరికి వేసుకోవచ్చు. రబ్బరుకు తిరిగిన కిలోమీటర్లతో పని లేదు, కదలకుండా నిలబెట్టినా వయసుతో పాడవుతుంది. పైగా ఈ తరం ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. ఎం35లోనూ అంతే. ఎక్కడో ఒక గొట్టం పగిలినా పెడల్ నేలకంటుకుపోతుంది, ఏ చక్రానికీ బ్రేకు పడదు. అందుకే పైకి బాగా కనిపిస్తున్నా రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల సీళ్లు కూడా మార్చండి. వ్యవస్థలో ఉన్నది గ్లైకాల్ ద్రవమా, సిలికోన్ ద్రవమా తేల్చుకోకుండా కొత్తది పోయవద్దు. రెండూ కలవకూడదు.

పాత బ్రేకు లైనింగుల్లో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదకండి, తడిపి తుడవండి. చీకట్లో మెరిసేలా చేసిన పాత మీటర్ల రంగులో రేడియోధార్మిక పదార్థమైన రేడియం ఉండవచ్చు, కాబట్టి వాటి అద్దం విప్పవద్దు.

4. చక్రాల దగ్గర తొందరపడవద్దు

ఈ వ్యాపకంలో ప్రాణం తీయగలిగిన పని ఇదే. చాలా సైనిక చక్రాల్లో టైరును ఒక ఉక్కు రింగు పట్టి ఉంచుతుంది. గాలి నిండి ఉండగా అది ఊడితే ఫిరంగి గుండులా ఎగురుతుంది. వాల్వు లోపలి సూదిని తీసి, గాలి పూర్తిగా పోయాకే చక్రం మీద చేయి వేయండి. తిరిగి గాలి నింపేటప్పుడు చక్రం ఇనుప పంజరంలో ఉండాలి, మీరు పక్కకు జరిగి పొడవైన గొట్టంతో నింపాలి. పరికరాలు లేకపోతే లారీ టైర్ల పని తెలిసినవారికి అప్పగించండి. మరో మాట: సీసీకేడబ్ల్యూ, ఎం35 వంటి బండ్లకు ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మరతో ఉంటాయి, అంటే మామూలు నట్లకు వ్యతిరేక దిశలో తిప్పితేనే వదులవుతాయి. అది తెలియక బలమంతా పెట్టి బోల్టులు విరగ్గొట్టుకునేవారు ఉన్నారు.

5. విద్యుత్తు

సీసీకేడబ్ల్యూది 6 వోల్టులు, ఎం35ది 24 వోల్టులు. బల్బు కొనేముందు చూసుకోండి. పనిచేసేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి ఉంచండి.

6. నడపడం మళ్లీ నేర్చుకోండి

ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి. సింక్రోమెష్ (గేర్ల వేగాలను దానంతటదే కలిపే ఏర్పాటు) లేని గేర్‌బాక్సులో క్లచ్ రెండుసార్లు తొక్కాలి. తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి వదలండి. కింది గేరుకు వెళుతుంటే ఆ క్షణంలో కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయండి. మొదట్లో కీచుమంటుంది. కొన్నాళ్లకు ఇంజిను మోత విని గేరు ఎప్పుడు పడుతుందో చెప్పగలుగుతారు. ఆ రోజు వచ్చే ఆనందం కోసమే ఇంత శ్రమ అనిపిస్తుంది.

ముందు ఇరుసును కలిపే లివరును బురదలో, ఇసుకలో మాత్రమే వాడండి. పొడి తారురోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరు. టైరు జారే వీలు లేక ఆ బిగువంతా గేర్ల మీద, ఇరుసుల మీద పడుతుంది. వాలులో దిగేముందే కింది గేరు వేసుకోండి. ముందు వెళ్లే బండికి ఇప్పటి కార్లలో వదిలే దూరానికి కనీసం రెండింతలు వదలండి.

7. బండిని కదిలిస్తూ ఉండండి

నెలకోసారి ఇంజిను పూర్తిగా వేడెక్కేలా నడపండి. నిలబెట్టి ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే ఆయిల్లో, పొగగొట్టంలో తేమ మిగిలిపోతుంది, అది తిప్పకపోవడం కన్నా చెరుపు. తిరిగి రాగానే చక్రాలకు అడ్డుగా దిమ్మలు పెట్టి, ఒక్కో చక్రం మధ్య భాగానికి అరచేతి వెనక వైపును దగ్గరగా పెట్టి చూడండి. మిగతావాటికన్నా ఒకటి వేడిగా ఉందంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉండాలి, లేదా బేరింగు గ్రీజు లేక ఎండిపోయి ఉండాలి. ఏ చక్రమో, ఏ తేదీనో నోటుపుస్తకంలో రాసుకోండి. అది విప్పి చూసేదాకా బండిని మళ్లీ రోడ్డెక్కించకండి.